ఫరీదాబాద్‌లో గోంగూర చదివిన పిల్లలు

మా కాలేజీలో ప్రాక్టికల్ క్లాసు ఎలా జరుగుతుందో ముందే చెప్పేస్తాను. బల్ల చుట్టూ ముప్పై మంది మూగుతారు. ముందు వరసలోని ఆరుగురికి ప్రయోగం కనిపిస్తుంది, మిగతావాళ్లకు ఆ ఆరుగురి వీపులు కనిపిస్తాయి. ప్రయోగం నేను చేస్తాను. పిల్లలు నిరుటి రికార్డు చూసి ఈ ఏటి రికార్డు రాస్తారు. ఎవరైనా ధైర్యం చేసి పరికరం ముట్టుకుంటే "ఇటివ్వు, పగలగొడతావు" అని లాక్కుంటాను. పల్నాడులోని ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఇన్నేళ్లలో నా ల్యాబులో ఒక్క గాజు సామాను పగల్లేదు. ఆ మాట ఎక్కడికి వెళ్లినా చెప్పుకునేదాన్ని.

డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ కూడా ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను, బోర్డు మీద బొమ్మ గీసి. ప్రతి జీవి కణంలోనూ నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి రాత ఒకటి ఉంటుంది, దాన్ని వరసగా చదవడమే సీక్వెన్సింగ్. ఆ చదివే యంత్రాన్ని నేను కంటితో చూసింది లేదు. అందుకే ఫరీదాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థ డిగ్రీ పిల్లలకు వారం రోజుల శిక్షణ ఇస్తుందని తెలియగానే అర్జీ పెట్టాను. ఎనిమిది కాలేజీలను పిలిచారు, అందులో మాది ఒకటి. పిల్లలే తమ చేతులతో ఏదైనా మొక్క డీఎన్‌ఏ తీసి చదవాలి. చివరికి, నిర్ణయాలన్నీ పిల్లలే తీసుకుని పని పూర్తి చేసిన ఒక కాలేజీకి ఆ యంత్రాన్ని ఏడాది పాటు వాడుకోవడానికి ఇస్తారు.

నాకు ఆ యంత్రం కావాలి. అంత గట్టిగా నేను ఈ మధ్య దేన్నీ కోరుకోలేదు.

బండిలో

నాతో వచ్చింది ముగ్గురు. అనూష, ఏ ప్రశ్నకైనా ముందు చెయ్యెత్తే పిల్ల. శివాజీ, ఏ డబ్బా మూతైనా తీసి వాసన చూసే మనిషి. మూడో అమ్మాయి మస్తాన్‌బీ. మూడేళ్లలో క్లాసులో ఆ పిల్ల గొంతు నేను హాజరు పిలిచినప్పుడు తప్ప విన్నది లేదు. నిజం చెప్పాలంటే, రావాల్సిన ఇంకో అమ్మాయికి పెళ్లిచూపులు అడ్డొచ్చి మస్తాన్‌బీ వచ్చింది.

మేం ఎంచుకున్న మొక్క గోంగూర. ఎర్ర కాడది ఒకటి, ఆకుపచ్చ కాడది ఒకటి. రెండూ ఒకే మొక్కలో రకాలా, వేర్వేరు జాతులా అన్నది మా ప్రశ్న. ఆకులు ఎండబెట్టి పొట్లాలు కట్టాం. మా అమ్మ విడిగా ఒక సీసాడు గోంగూర పచ్చడి ఇచ్చింది.

నాగపూర్‌లో ఒక సర్దార్‌జీ ఎక్కారు. రిటైరైన స్కూలు టీచరట. మేం పులిహోర మీద పచ్చడి వేసుకుంటుంటే ఊరికే చూస్తూ కూర్చోలేకపోయారు. ఆయన పరాఠా మీద అనూష ఒక చెంచాడు పెట్టింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, తలపాగా కింద చెమట. అంతా తుడుచుకుని "ఔర్ హై?" అని ఇంకా ఉందేమో అడిగారు. ఆగ్రా వచ్చేసరికి సగం సీసా ఆయనకే అర్పణమైంది. మూత సరిగ్గా పెట్టనిది ఎవరో ఇప్పటికీ ఒప్పుకోరు గానీ, మిగిలిన సగంలో నూనె కారి మా ఆహ్వాన పత్రం పసుప్పచ్చగా తడిసింది. సంస్థ గేటు దగ్గర సెక్యూరిటీ అతను దాన్ని ఒకసారి చదివి రెండుసార్లు వాసన చూశాడు.

మునిర్కా: రమణక్క మెస్సు

మేం చేరింది ఆదివారం. పోల్చి చూడటానికి ఢిల్లీలో దొరికే గోంగూర కూడా కావాలి గనక, సామాన్లు గెస్ట్‌హౌస్‌లో పడేసి మెట్రో ఎక్కి మునిర్కా వెళ్లాం. నవంబరు పొగకు కళ్లు మండుతున్నాయి. సందులు ఎంత ఇరుకంటే, ఎదుటి మేడ మీది కుక్కర్ కూతలు ఇటువైపు వాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. గది అద్దెకిస్తామన్న కాగితాలు ప్రతి గోడ మీదా.

మూడో అంతస్తులో రమణక్క మెస్సు. ఆవిడది పాలకొల్లు దగ్గర. చుట్టుపక్కల యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలందరికీ అన్నం పెట్టేది ఆవిడే. నూట ఇరవైకి భోజనం, అన్నం ఎంతైనా పెడతారు. మా ఊళ్లో డెబ్బైకే వస్తుందని శివాజీ గొణిగాడు, గొణుగుతూనే మూడుసార్లు పెట్టించుకున్నాడు.

"గోంగూర ఎక్కడిదక్కా?" అని అడిగాను.

"యమునొడ్డున పండిస్తారండీ. కూరల భయ్యా తెచ్చిస్తాడు. మన గోంగూరే."

"మనదేనని ఎలా తెలుసు?"

ఆవిడ గరిటె ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "పదకొండేళ్లుగా వండుతున్నానండీ. నాకు తెలీదా ఏంటి!"

ఒక కట్ట ఇచ్చింది, డబ్బులు పుచ్చుకోలేదు. మనదో కాదో తేలాక ఫోన్ చేసి చెప్పాలని షరతు పెట్టింది.

దారిలో మస్తాన్‌బీ ఉపయోగం తెలిసొచ్చింది. నా హిందీ పాఠ్యపుస్తకం దాటి రాదు. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడే ఉర్దూతో ఆటోవాళ్లను దారికి తెచ్చింది. "నక్కో భయ్యా, ఇత్తా నక్కో", అంత వద్దు అంటే, ఆటోవాడు పగలబడి నవ్వాడు, నవ్వినందుకు ఇరవై రూపాయలు తగ్గించాడు. క్లాసులో నోరెత్తని పిల్లేనా అని నేను చూస్తూ ఉండిపోయాను.

సోమవారం: రంగునీళ్లు

శిక్షణ నడిపేది గీతిక మేడమ్. యాభై దాటిన పంజాబీ ఆవిడ, పొట్టి జుట్టు, తక్కువ మాటలు. మొదటి మాటే ఇది: "ల్యాబులో పిల్లలు మాత్రమే ఉంటారు. టీచర్లు అద్దం ఇవతల కూర్చుంటారు. మాట వద్దు, సైగ వద్దు."

ఎనిమిది మంది టీచర్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. జైపూర్ నుంచి వచ్చిన మిశ్రా గారైతే బిడ్డను బడిలో వదిలిన తండ్రిలా అయిపోయారు.

ఆ ఒక్క రోజు మాత్రం మమ్మల్నీ లోపలికి రానిచ్చారు. రంగునీళ్లతో పిపెట్ పట్టడం నేర్పారు. చుక్కలో వందో వంతును కూడా కొలిచి తీసే పరికరం అది. తర్వాత ఆ యంత్రం చూపించారు. పిన్నులు కొట్టే స్టేప్లర్ అంత ఉంది! నేను బోర్డు మీద బీరువా అంత గీస్తూ వచ్చాను. లోపల ఒక చిన్న పలక ఉంటుంది, దాని నిండా కంటికి కనపడని రంధ్రాలు. డీఎన్‌ఏ పోగు ఆ రంధ్రంలోంచి దూరుతుంటే కరెంటులో వచ్చే తేడాను బట్టి ఒక్కో అక్షరం చదువుతుంది. పలకలోకి ఒక్క గాలి బుడగ వెళ్లినా రంధ్రాలు పాడవుతాయి.

వాడేసిన పాత పలక ఒకటిచ్చి ప్రాక్టీసు చేయమన్నారు. "మీరాగండి, నేను చూపిస్తాను" అని మా పిల్లల చేతుల్లోంచి పిపెట్ లాక్కున్నాను. ఇరవై రెండేళ్ల అలవాటు మరి. పిల్లలు ముగ్గురూ వంగి చూస్తుండగా ముత్యమంత గాలి బుడగను సూటిగా లోపలికి పంపించాను.

గీతిక మేడమ్ పిపెట్ నా చేతిలోంచి తీసి మస్తాన్‌బీకిచ్చింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, చుక్క చుక్కగా, బుడగ లేకుండా నింపింది. నాకు సిగ్గేసిందని దాచను.

అద్దం ఇవతల

మంగళవారం ఆకుల్లోంచి డీఎన్‌ఏ తీయాలి. పొద్దున టిఫిన్ దగ్గరే మా పిల్లలకు చెప్పాను: "కొలత కంటే కాస్త ఎక్కువే వెయ్యండి. ఆకు ఎక్కువుంటే డీఎన్‌ఏ ఎక్కువొస్తుంది." ల్యాబులో మాట్లాడొద్దన్నారు గానీ టిఫిన్ దగ్గర వద్దనలేదు కదా అని నా తెలివి. వడ్డించేటప్పుడు తక్కువ వేయడం మన చేతికి రాదు, ప్రయోగానికీ అదే చెయ్యి.

గోంగూర జిగురు సంగతి నేను మరిచాను. వృక్షశాస్త్రం చెప్పేదాన్ని, మరిచాను! నూరిన ఆకులో మందు నీళ్లు పొయ్యగానే ట్యూబులన్నీ జావ కట్టాయి. పిపెట్‌తో లాగితే తీగలుగా సాగింది. గోధుమ, వేప, తులసి తెచ్చిన కాలేజీలవాళ్లు సాయంత్రానికి నవ్వుకుంటూ బయటికొచ్చారు. మావాళ్లు చేతులు జిగటగా, మొహాలు వేలాడేసుకుని వచ్చారు.

బుధవారం పొద్దున పరీక్షలో తేలింది, దాని ఫోటో పిల్లలు బయటికి తెచ్చి చూపించారు. డీఎన్‌ఏ ఉంటే దీపం కింద మెరిసే గీత కనపడాలి. మాకున్నవి నాలుగు ట్యూబులు. మూడింటి దగ్గర ఏమీ లేదు. నాలుగోదాని దగ్గర కళ్లు చికిలిస్తే సన్నటి గీత ఉందేమో అనిపించింది.

"అది మరక" అని తేల్చేశాను.

"మరకేనంటారా మేడమ్?" అంది మస్తాన్‌బీ.

"మరకే."

ఆ పిల్ల తన నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంది. అక్కడ రికార్డులుండవు, జరిగింది జరిగినట్టు అప్పటికప్పుడు రాయాలి. కొట్టివేతలు ఉన్నా సరే. మా అనూషకు ఆ కొట్టివేతలు చూస్తే ఏడుపొచ్చేది.

మిగిలింది ఒకే అవకాశం, ఆ మధ్యాహ్నం. గురువారం యంత్రంలోకి ఏమీ వెళ్లకపోతే మేం ఖాళీ చేతులతో బండెక్కాలి.

మధ్యాహ్నం అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. లోపల మస్తాన్‌బీ త్రాసు మీద ఆకు పెడుతోంది. పెట్టింది, చూసింది, కొంత తీసేసింది. మళ్లీ కొంత తీసేసింది. చిటికెడు మిగిలింది. అంత ఆకుకే రాకపోతే ఇంత పిసరు పెడితే ఏమొస్తుంది! మిగతా టీచర్లు అప్పటికే కాఫీకి వెళ్లారు; మిశ్రా గారు కూడా లేచిన క్షణం చూసి, అద్దం మీద వేలితో తట్టాను. ఆ పిల్ల తలెత్తింది. అరచెయ్యి గరిటెలా పట్టి ఊపాను. ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి. అన్నం వడ్డించేటప్పుడు చేసే సైగే.

చూసింది. నన్ను సూటిగానే చూసింది. తర్వాత తల దించి నోట్‌బుక్‌లో రెండు ముక్కలు రాసుకుని, ఆ చిటికెడు ఆకే నూరింది. అంతేనా, మందు పొయ్యకముందు ఉప్పునీళ్లతో రెండుసార్లు కడిగింది కూడా.

నాకు ఒళ్లు మండిపోయింది. బయటికి రానీ, దీని సంగతి చెప్తాను అనుకున్నాను. ఆరింటికి బయటికొచ్చి "ఇయ్యాల జిగురు రాలేదు మేడమ్, నీళ్లలాగ ఉంది" అన్నది, నా కళ్లలోకి చూడకుండా. చెప్పదలుచుకున్నదంతా మింగేశాను.

సరోజినీ నగర్

గురువారం పొద్దున నాలుగు ట్యూబుల దగ్గరా గీతలు మెరిశాయి. మరక అనడానికి వీల్లేనంత లావు గీతలు. మధ్యాహ్నం మస్తాన్‌బీయే బుడగ లేకుండా పలక నింపింది, అనూష కంప్యూటర్ ముందు కూర్చుంది, శివాజీ ఏ మూతా తియ్యకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద రంధ్రాలు ఒక్కొక్కటే పచ్చగా వెలగడం మొదలైంది. ఇరవై రెండేళ్లు బోర్డు మీద గీసింది నా కళ్ల ముందు జరుగుతోంది, నా పిల్లల చేతుల మీదుగా. అద్దం ఇవతల నేను ఏడ్చాను. మిశ్రా గారు రుమాలు ఇచ్చారు.

యంత్రం చదవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ సాయంత్రం సరోజినీ నగర్ వెళ్లాం. మా పిన్ని కూతురు పద్మ అక్కడ ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉంటుంది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. పద్మ తెలుగులో అడిగితే వాళ్లమ్మాయి ఇరా హిందీలో జవాబిస్తుంది, ఆ ఇంట్లో సంభాషణ ఎప్పుడూ అలా రెండు పట్టాల మీద నడుస్తుంది.

"గోంగూరకు డీఎన్‌ఏ ఏంటక్కా! పచ్చడి చేసుకోకుండా!" అంది పద్మ.

"సచ్ మే, ఆంటీ? దిఖావో నా!" అని, ఎలాగో చూపించమంటూ ఇరా మస్తాన్‌బీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. మస్తాన్‌బీ తన ఉర్దూలో, చేతులతో చూపిస్తూ, రంధ్రాల సంగతి అరగంట చెప్పింది. అంత బాగా నేనెప్పుడూ క్లాసులో చెప్పలేదు.

బజారులో చలికోట్లు కుప్పలు పోసి అమ్ముతున్నారు. మూడు వందల యాభై చెప్పిన స్వెటర్‌ను మస్తాన్‌బీ రెండు వందలకు బేరమాడి నాకు కొనిపెట్టింది. ఇంటికొచ్చి చూస్తే ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఇప్పటికీ అదే వేసుకుంటున్నాను.

ఎవరు నిర్ణయించారు?

శుక్రవారం ఫలితాలు. ఎర్ర కాడ గోంగూర, పచ్చ కాడ గోంగూర రెండూ వేర్వేరు జాతులే. రమణక్క కట్ట మా పచ్చ కాడదానితో కలిసింది. మునిర్కాకు అప్పటికప్పుడు ఫోన్ చేశాను. "చెప్పాను కదండీ" అని పెట్టేసింది ఆవిడ.

తర్వాత గీతిక మేడమ్ ఒక్కో జట్టునూ నిలబెట్టి అడిగింది. మా వంతు వచ్చింది.

"మొదటిసారి పోయింది, రెండోసారి వచ్చింది. ఆకు తగ్గించాలని ఎవరు నిర్ణయించారు?"

మస్తాన్‌బీ లేచింది. హిందీలో, స్పష్టంగా చెప్పింది: "మా మేడమ్ చెప్పినట్టే చేశాం."

ఆ పిల్ల అబద్ధం ఆడాలని ఆడలేదు. మా దగ్గర మంచి పని ఏది జరిగినా మేడమ్ చెప్పినట్టే జరిగిందనడం మర్యాద. ఆ మర్యాద వాళ్లకు నేర్పిందీ నేనే. గీతిక మేడమ్ కలం ఆగింది. నిర్ణయం టీచర్‌ది అయితే యంత్రం మాకు రాదు.

"నోట్‌బుక్ చూపించు" అంది.

మస్తాన్‌బీ దాన్ని గుండెకు అదుముకుంది. "తెలుగులో ఉంది మేడమ్. గజిబిజిగా ఉంది."

"అయితే మీ మేడమ్ చదివి అర్థం చెప్తారు."

నోట్‌బుక్ నా చేతికొచ్చింది. బుధవారం పేజీ తీశాను. ఇలా ఉంది:

"నిన్న నాలుగో ట్యూబుకి నూరిన ఆకు చాల్లేదని శివాజీ తక్కువ వేశాడు. అదొక్కటే జిగురు కాలేదు. గీత కూడా దానికే వచ్చింది. మేడమ్ మరక అన్నారు. మరక కాదనుకుంటా. అందుకని ఇయ్యాల తక్కువ వేసి, ఉప్పునీళ్లతో కడగాలి."

దాని కింద, కొట్టివేతల మధ్య:

"అద్దంలోంచి మేడమ్ ఎక్కువ వెయ్యమంటున్నారు. నేను తక్కువే వేస్తున్నా. తప్పయితే నాదే, మేడమ్‌ది కాదు."

ఆ గదిలో తెలుగు వచ్చినవాళ్లం మేం నలుగురమే. మొదటి పేరా చదివి ఊరుకుంటే యంత్రం మాదే. నేను సైగ చేశానన్న సంగతి ఎవరికీ తెలియదు. రెండో ముక్క చదివితే నియమం తప్పిన టీచర్‌ని నేనే అవుతాను. మస్తాన్‌బీ వద్దన్నట్టు తల ఊపుతోంది.

ఉన్నదున్నట్టు చదివాను. ఇంగ్లీషులో చెప్పాను. టిఫిన్ దగ్గరి సలహా కూడా కలిపి చెప్పాను. చివరి వాక్యం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"అంటే మీరు మా నియమం తప్పారు" అంది గీతిక మేడమ్.

"తప్పాను."

"ఈ అమ్మాయి మీ మాట దాటింది."

"దాటింది. అందుకే డీఎన్‌ఏ వచ్చింది."

ఏదో రాసుకుని, "లంచ్ తర్వాత చెప్తాం" అంది.

ఆ పూట రాజ్మా చావల్. ఫరీదాబాద్‌లో నేను తిన్నవాటిలో నాకు నచ్చింది అదొక్కటే, ఆ రోజు మాత్రం రెండు ముద్దలు తిని వదిలేశాను. మస్తాన్‌బీ పళ్లెం పక్కన పెట్టేసి ఏడుస్తోంది.

"నా వల్లే పోయింది మేడమ్. నేనట్టా రాసుకోకుండా ఉండాల్సింది."

"ఏంది పోయేది? పోతే పోనీయ్" అన్నాను. "నా మాట వినలేదని మొన్న ఒళ్లు మండింది. ఇవాళ నిన్ను చూస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అన్నం తిను."

ఆ పిల్ల తినలేదు గానీ కళ్లు తుడుచుకుంది.

టీచరు ఎంత చెప్పినా నిర్ణయం పిల్లదేనని తేల్చి, మధ్యాహ్నం యంత్రం మాకే ఇచ్చారు. ఒక షరతుతో: రిజిస్టరులో బాధ్యురాలిగా మస్తాన్‌బీ పేరుండాలి, నా సంతకం దాని కింద ఉండాలి. మిశ్రా గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నాగపూర్ దాటి, వరంగల్ దాటి, ఇంటికొచ్చేదాకా ఆ చిన్న పెట్టె మస్తాన్‌బీ ఒళ్లోనే ఉంది. కాసేపు నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

మా ల్యాబు

వచ్చిన వారానికి మొదటి క్లాసు పెట్టాం. ముప్పై మందిని పది జట్లు చేసి, పది బల్లలు వేశాం. ఇప్పుడెవరికీ ఎవరి వీపూ అడ్డం లేదు. మస్తాన్‌బీ ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్లి చూస్తోంది, ఏదీ లాక్కోవడం లేదు. రెండో ఏడాది పిల్ల ఒకతి త్రాసు ముందు నిలబడి నా వైపు తిరిగింది.

"మేడమ్, ఆకు ఎంత వెయ్యాలి?"

నా చెయ్యి దానంతటదే లేచింది. గది ఆ చివర్నుంచి మస్తాన్‌బీ ఒక్క చూపు చూసింది. చెయ్యి వెనక్కి పెట్టుకుని, "నీకెంత అనిపిస్తే అంత వేసి చూడు. ఏం జరిగిందో రాసుకో" అన్నాను.

ఆ మధ్యాహ్నం మా ల్యాబులో రెండు బీకర్లు, ఒక గాజు గొట్టం పగిలాయి. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి. ప్రిన్సిపాల్ గారికి పంపిన నివేదికలో ఆ సంగతి మొదటి వాక్యంగా రాశాను.